టూరింగ్ బండికి లగేజీ ర్యాకు: ఏది బిగించాలి, ఏది వదిలేయాలి

టూరింగ్‌కి బండి తీసుకున్నవాళ్లు నన్ను ముందుగా అడిగే మాట ఒకటే: "ఎన్ని లీటర్ల బాక్స్ పెట్టించమంటావు?" లీటర్ల సంగతి చివర్లో చూసుకోవచ్చు. ముందు తేలాల్సింది కిలోలు. బండి వెనక భాగం ఎంత బరువు మోస్తుంది, ఆ బరువు ఎక్కడ కూర్చుంటుంది, దాన్ని పట్టుకుని ఉండేవి ఎన్ని బోల్టులు అన్నది తెలిస్తే సగం ఆప్షన్లు వాటంతట అవే పక్కకు పోతాయి.

నేను ఈ లెక్క తెలియకుండానే మొదలుపెట్టాను. మొదటి బండికి దొరికినవాటిలోకెల్లా పెద్ద టాప్ బాక్స్, అంటే సీటు వెనక ప్లేటు మీద కూర్చునే పెట్టె, బిగించాను. టూల్ కిట్టు, కెమెరా, రెయిన్ కోట్లు, రెండు లీటర్ల నీళ్ల సీసా, చెప్పుల జత అన్నీ అందులోనే కుక్కి బయల్దేరాను. మూడో రోజు మధ్యాహ్నం వెనక నుంచి కిర్రుమని చప్పుడు. ఆపి చూస్తే బాక్స్ కింద ప్లేటు మూలన, వెల్డింగ్ పక్కనే, వెంట్రుకంత సన్నగా పగులు. బాక్స్‌ను చేత్తో కాస్త పైకెత్తితే ఆ పగులు నోరు తెరిచింది, వదిలితే మూసుకుంది. మిగతా దారంతా బాక్స్ ఖాళీగా ఉంచి, సామాను సీటు మీద తాళ్లతో కట్టుకుని వచ్చాను. ఇంటికొచ్చాక ప్లేటు తిప్పి చూస్తే వెనక 5 కిలోలు అని అచ్చు వేసి ఉంది. బాక్స్ ఒక్కటే నాలుగున్నర కిలోలు.

ముందు కాటా ఎక్కాలి

బండితో వచ్చిన పుస్తకంలో రెండు అంకెలు వెతకండి. ఒకటి, ట్యాంక్ నిండా పెట్రోలుతో బండి బరువు. రెండోది, బండి, మనుషులు, సామాను అన్నీ కలిపి దాటకూడని గరిష్ఠ బరువు. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేదే మీ కోటా.

బండి 200 కిలోలు, గరిష్ఠం 380 అనుకుందాం. కోటా 180. హెల్మెట్, జాకెట్, బూట్లతో సహా నడిపేవారు 90 కిలోలు, వెనక కూర్చునేవారు 65. మిగిలింది 25. ఇప్పుడు అల్యూమినియం సైడ్ బాక్సులు రెండు, వాటి ర్యాకు కలిపి 17 కిలోలు ఉన్నాయనుకోండి. అంత ఉండటం మామూలే. బట్టలకి, టూల్స్‌కి, మందులకి అన్నిటికీ కలిపి మిగిలింది 8 కిలోలు. ఇద్దరి సామాను 8 కిలోల్లో సర్దడం ఎవరి తరం? అదే బండి మీద ఒక్కరే వెళ్తే, అవే బాక్సులతో ఇంకా 73 కిలోల చోటు ఉంటుంది. అందుకే ఏ సలహా అయినా ముందు 'ఒక్కరా, ఇద్దరా' అన్న దగ్గరే మొదలవ్వాలి.

ఇక ర్యాకు మీద ఒక పరిమితి, ప్లేటు మీద ఒకటి, బాక్స్ మూత లోపల అంటించిన స్టిక్కర్ మీద ఇంకొకటి ఉంటాయి. వీటిలో అన్నిటికంటే చిన్నది ఏదో అదే మీ పరిమితి. ఇంకో మెలిక కూడా ఉంది. బాక్స్ మీద రాసింది లోపల పెట్టే సామాను గురించి. ర్యాకు మీద రాసినదాంట్లో మాత్రం బాక్స్ సొంత బరువు కూడా కలుస్తుంది. కంపెనీ బిగించి ఇచ్చే వెనక క్యారియర్లలో 5, 7 కిలోలకు మించి మోయనివి చాలానే ఉన్నాయి, చూడ్డానికి ఎంత దిట్టంగా కనిపించినా సరే.

సామాను తూకం వేయడానికి ప్రత్యేకంగా ఏమీ అక్కర్లేదు. బ్యాగు భుజాన వేసుకుని ఇంట్లో కాటా ఎక్కండి, తర్వాత బ్యాగు లేకుండా ఎక్కండి. తేడా చూసి చాలామంది ఒక జత బూట్లు, ఒక చార్జర్ల సంచి తీసి పక్కన పెట్టేస్తారు.

టాప్ బాక్స్: సుఖమే, కానీ చోటు తప్పు

టాప్ బాక్స్‌కి ఉన్న సుఖం దేనికీ లేదు. తాళం వేసి నడిచి వెళ్లిపోవచ్చు. హెల్మెట్ అందులో పడుతుంది. బండి వెడల్పు పెరగదు, ట్రాఫిక్‌లో దూరడానికి ఇబ్బంది ఉండదు. వెనక కూర్చున్నవారికి వీపుకి ఆనుకోవడానికి మెత్త కూడా దొరుకుతుంది. వారంలో ఆరు రోజులు ఆఫీసు, ఏడో రోజు టూరు అన్నట్టు బండి వాడేవాళ్లకి నేను ఇంకోటి చెప్పను.

చిక్కంతా అది కూర్చునే చోటుతోనే. సీటు కంటే ఎత్తులో, వెనక చక్రం ఇరుసు కంటే వెనక్కి ఉంటుంది. చిన్నప్పుడు ఆడిన తూగుడు బల్ల గుర్తు తెచ్చుకోండి. ఇరుసు నుంచి బాక్స్ మధ్య భాగం 40 సెంటీమీటర్లు వెనక్కి ఉందని, రెండు చక్రాల మధ్య దూరం 145 సెంటీమీటర్లని, బాక్స్ సామానుతో కలిపి 15 కిలోలని అనుకుంటే, వెనక చక్రం మీద పడేది 15 కాదు, 19 కిలోలు. ఆ ఎక్కువైన 4 కిలోలు ముందు చక్రం మీద నుంచి లేచి వెనక్కి వచ్చినవే. అంకె చిన్నదే. కానీ ముందు చక్రం ఆ మేరకు తేలికైనప్పుడు స్పీడులో హ్యాండిల్ పట్టు వదులైనట్టు అనిపిస్తుంది. పక్క గాలి కొట్టినప్పుడో, లారీని దాటేటప్పుడో బండి తోక ఊపుతున్నట్టు మెల్లగా అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. అప్పుడు హ్యాండిల్ గట్టిగా బిగించి పట్టుకోకండి, అది ఇంకా ఎక్కువవుతుంది. యాక్సిలరేటర్ మెల్లగా తగ్గించి ఊపు చావనివ్వండి. ఆ తర్వాత బరువున్నవన్నీ బాక్స్‌లోంచి తీసి ముందుకీ కిందికీ మార్చండి.

ఇటలీ కంపెనీ జివి తన పెద్ద బాక్సులకి కూడా లోపల 10 కిలోలు, స్పీడు గంటకి 120 కిలోమీటర్లు దాటొద్దని చెబుతుంది. ఆ కంపెనీని 1978లో పెట్టింది ఒక మాజీ బైక్ రేసర్, జుసెప్పె విసెంజీ. స్పీడంటే తెలిసినాయన పెట్టిన కంపెనీయే ఆ మాట అంటోందంటే కాస్త వినొచ్చు. ఆ కంపెనీలోనే రెండు రకాల బిగింపులు ఉన్నాయి: మోనోకీ, మోనోలాక్. మోనోకీ పెద్ద, బరువైన బాక్సులకి. మోనోలాక్ చిన్నవాటికి, స్కూటర్లకి, మామూలు బండ్లకి. ఒకదాని బాక్స్ ఇంకోదాని ప్లేటు మీద కూర్చోదు. సెకండ్ హ్యాండ్‌లో బాక్స్ కొనేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. బాక్స్ చవగ్గా దొరికిందని సంబరపడి ఇంటికి తెచ్చాక ప్లేటు కోసం వెతుకులాట.

టాప్ బాక్స్ పెట్టుకుంటే ప్లేటుని దాని గాడుల్లో వీలైనంత ముందుకి జరిపి బిగించండి, వెనక కూర్చునేవారి వీపుకి తగలనంత వరకు. లోపల తేలిక సామాను మాత్రమే పెట్టండి: రెయిన్ కోటు, స్వెటర్, పక్క గుడ్డలు. టూల్ కిట్టుకి మాత్రం అందులో చోటు ఇవ్వకండి.

సైడ్ ర్యాకులు: గట్టి పెట్టెలా, మెత్తటి సంచులా

అసలు చర్చ ఇదే, టూరింగ్ చేసేవాళ్లు రాత్రి పొద్దుపోయేదాకా వాదించుకునేదీ దీని గురించే. బరువు సీటుకి రెండు పక్కలా, కిందికి, ఇరుసుకి దగ్గరగా వస్తుంది కాబట్టి బండి నడకకి టాప్ బాక్స్ కంటే ఇది ఎప్పుడూ మేలు. ర్యాకు అంటే సబ్‌ఫ్రేమ్‌కి, అంటే సీటు కింద ఉండే బండి వెనక ఫ్రేమ్‌కి, పట్టే గొట్టాల చట్రం. గొట్టం మందం 18 మిల్లీమీటర్లు ఉండేవి ఎక్కువ వాడకంలో ఉన్నాయి. చాలా బాక్సుల క్లాంపులు, సంచుల పట్టీలు ఈ కొలతకే తయారవుతాయి కాబట్టి కొనేముందు టేపు పెట్టి చూసుకోండి. రెండు పక్కల ర్యాకుల్నీ నంబర్ ప్లేట్ వెనక నుంచి కలిపే అడ్డ కడ్డీ ఒకటుంటుంది. అది లేని ర్యాకు ఎంత అందంగా ఉన్నా కొనకండి. ఆ కడ్డీ లేకపోతే గతుకు తగిలిన ప్రతిసారీ రెండు పక్కలా రెక్కల్లా విడివిడిగా ఊగి, బోల్టు రంధ్రాల దగ్గర లోహాన్ని అలిసిపోయేలా చేస్తాయి.

ప్లాస్టిక్ బాక్సులు తేలిక, గాలికి నునుపుగా ఉంటాయి, బండి కంపెనీలే అమ్మేవాటిలో ఇవి ఎక్కువ. తారు రోడ్డు మీద తిరిగేవాళ్లకి ఇవి చాలు. వీటిలో చాలావరకు పక్కకి, పుస్తకం తెరిచినట్టు తెరుచుకుంటాయి. రోడ్డు పక్కన ఆపి రెయిన్ కోటు తీయాలని తలుపు లాగితే సగం బట్టలు బురదలోకి దూకుతాయి. లోపల అడ్డ పట్టీలు ఉన్నవి, లేదంటే విడి సంచీతో వచ్చేవి చూసుకోండి.

అల్యూమినియం పెట్టెలు పైనుంచి తెరుచుకుంటాయి. బస చేసిన చోట కుర్చీగా, వంట బల్లగా పనికొస్తాయి. తాళం గట్టిది. పడ్డప్పుడు ప్లాస్టిక్ పగిలే చోట ఇవి సొట్టపడతాయి, సొట్టని రాయితో కొట్టి ఒక మాదిరిగా సరిచేసుకోవచ్చు. కానీ మూలలు వంకరపోతే మూత కింద రబ్బరు సరిగ్గా కూర్చోదు, ఆ తర్వాత వానకి నమ్మలేం. ఇంకో చిన్న సంగతి ఎవరూ ముందు చెప్పరు. లోపల పూత లేని అల్యూమినియం గోడలకి సామాను రాసుకుని రాసుకుని నల్లటి మసి లాంటి పొడి వస్తుంది. తెల్ల చొక్కా మడిచి పెడితే రెండో రోజుకి మడత అంచంతా బూడిద రంగు. లోపలికి గుడ్డ సంచి తప్పనిసరి.

గట్టి పెట్టెలతో నాకున్న అసలు భయం వేరే. ఇసుకలోనో బురదలోనో నెమ్మదిగా వెళ్తూ, బండి ఒరుగుతుందేమోనని కాలు కింద పెడతాం. బండి ముందుకి కదులుతూనే ఉంటుంది, కాలు నేలలో దిగబడి ఉంటుంది, వెనక నుంచి పెట్టె మూల వచ్చి పిక్కని తోస్తుంది. కాలు ఇరుక్కుని చీలమండ మెలిపడటం, ఎముక విరగడం ఇలాగే జరుగుతాయి. మెత్తటి సంచి అయితే నలిగి పక్కకి తప్పుకుంటుంది. మట్టి దారుల మీద తిరగాలనుకునేవాళ్లకి నేను మెత్తటి సంచులే చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

మెత్తటివాటిలో కూడా రెండు జాతులు. మామూలు నైలాన్ గుడ్డతో కుట్టి, పైన వాన తొడుగు వేసుకునేవి ఒకటి. కుట్టు లేకుండా వేడితో అతికించి, నోరు చుట్టి మూసేవి రెండోది. నేను రెండో రకం వైపే. వాన తొడుగు స్పీడులో గాలికి పటపట కొట్టుకుని ఎగిరిపోతుంది, ఒక్కోసారి వెనక చక్రంలోనే పడుతుంది. చుట్టే రకంలో నోటిని కనీసం మూడు చుట్లు తిప్పి క్లిప్ పెడితే గంటల కొద్దీ వానలో కూడా లోపల పొడిగా ఉంటుంది. చుట్టేముందు మోకాలితో నొక్కి గాలి తీసేయాలి, లేకపోతే బెలూన్‌లా ఉబ్బి పట్టీలు జారతాయి. తాళం లేదన్న బాధ ఉంటుంది, దాన్ని కాదనలేను. కత్తి ఉన్నవాడికి సంచి ఒక నిమిషం పని. పాస్‌పోర్టు, డబ్బు, కెమెరా వాటిలో పెట్టకండి.

బరువులో తేడా చూడండి. ఒక జత అల్యూమినియం పెట్టెలు, ర్యాకుతో 17 అనుకున్నాం కదా. అంతే లీటర్ల మెత్తటి సంచుల జత, తేలికపాటి ర్యాకుతో కలిపి 8, 9 కిలోల్లో అయిపోతుంది. ఇద్దరు వెళ్లే లెక్కలో 8 కిలోలు మిగిలిన చోట ఇప్పుడు 16 మిగిలాయి, అంటే సామాను రెట్టింపు పట్టింది.

ర్యాకే వద్దనుకుంటే

గుర్రం మీద జీను సంచుల్లా సీటు మీదుగా వేసే సాడిల్ బ్యాగులు, గుర్రపు నాడా ఆకారంలో సీటు వెనక చుట్టుకునే ర్యాకు లేని సంచులు ఉన్నాయి. 20 నుంచి 40 లీటర్ల దాకా సామానుకి, రెండు మూడు రోజుల ఒంటరి ప్రయాణానికి ఇవి హాయి. ఒక బండి నుంచి ఇంకో బండికి పది నిమిషాల్లో మార్చుకోవచ్చు, అమ్మేటప్పుడు బండికి రంధ్రాలు, గీతలు ఉండవు. బండి మార్చే అలవాటున్నవాళ్లు ర్యాకు మీద పెట్టే డబ్బు ఇక్కడ పెట్టడం మంచిది.

అయితే ఈ సంచులకి ఇద్దరు శత్రువులు: సైలెన్సర్, వెనక చక్రం. కుడి వైపు సంచి నిండగానే కిందికి వేలాడి సైలెన్సర్‌ని ముద్దు పెట్టుకుంటుంది. నా సంచి ఒకటి అలాగే పోయింది. బయటికి అరచేయంత నల్లటి మెరుపు మాత్రమే కనిపించింది. లోపల చెయ్యి పెడితే టీషర్ట్, తువ్వాలు, సంచి గుడ్డ మూడూ కలిసి ఒకే అట్టలా గట్టిపడి ఊడి వచ్చాయి. సైలెన్సర్‌కి రేకు తొడుగు ఉన్నా మధ్యలో నాలుగు వేళ్ల సందు ఉండాలి. ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే చాలదు, నింపాక, ఒకరు బండి మీద కూర్చుని ఊపుతుంటే చూడాలి. చక్రం వైపు అయితే సాడిల్ స్టే అనే సన్నటి కడ్డీ బిగించుకోవాలి. దాని పని సంచిని లోపలికి పోకుండా ఆపడమే, బరువు మోయడం కాదు. దాని మీద పెట్టె వేలాడదీసినవాళ్లని చూశాను, వాళ్లకి నా ప్లేటు పగులు కథ చెప్పాను.

ట్యాంక్ బ్యాగు, చిన్నా చితకా

బరువు పెట్టడానికి బండి మొత్తంలో మంచి చోటు ట్యాంక్ ప్రాంతం. రెండు చక్రాలకీ మధ్యలో ఉంటుంది కాబట్టి బండికి తెలియనే తెలియదు. అందుకే కెమెరా, పవర్ బ్యాంకు, కాగితాలు, చిన్న టూల్స్ ఇక్కడ పెట్టుకోవాలి. దిగగానే భుజానికి తగిలించుకుని వెళ్లిపోవచ్చు.

అయస్కాంతం రకం తగిలించడం సులువు, కానీ ట్యాంకుకి ముందు ఒక అయస్కాంతం ముక్క పెట్టి చూడండి. పైకి కనిపించేది ప్లాస్టిక్ తొడుగైనా, ట్యాంక్ అల్యూమినియందైనా అంటుకోదు. అంటుకున్నా, కింద చేరిన దుమ్ము గరుకు కాగితంలా పెయింట్‌ని గీకుతుంది, రోజూ తుడవాలి. పట్టీల రకం ఏ బండికైనా పడుతుంది, పెట్రోలు పోయించిన ప్రతిసారీ విప్పాలన్నదే విసుగు. పెట్రోలు మూత చుట్టూ రింగు బిగించే రకం నాకు ఇష్టం. టక్కున కూర్చుంటుంది, ట్యాంక్‌కి తగలదు, ఒక లాగు లాగితే వచ్చేస్తుంది. రింగు బోల్టులు సన్నవి. మూత బోల్టుల రంధ్రాల్లోకి పోతాయి కాబట్టి చేతి మణికట్టు బలంతో బిగిస్తే చాలు, అంతకు మించితే మర పోతుంది. బిగించాక హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. బ్యాగు మూల హారన్ బటన్ మీద నొక్కుకుని, యూటర్న్ తిరిగినప్పుడల్లా బండి అరవడం నాకు అనుభవమే.

క్రాష్ గార్డుకి కట్టే చిన్న సంచుల్లో నీళ్లు, పంచర్ కిట్టు పెట్టుకోవచ్చు. ముందుకీ కిందికీ బరువు వస్తుంది, మంచిదే. కానీ బండి పడితే మొదట నేలకి తగిలేది అవే కాబట్టి పగిలేవి, కారేవి వద్దు. ఇంజను వేడి, రేడియేటర్ గాలి కూడా చూసుకోవాలి. వీపున వేసుకునే బ్యాగు గురించి ఒక్క మాటే: రెండు గంటల తర్వాత భుజాలే చెబుతాయి.

తాళ్లకి కూడా ఎంపిక ఉంది

సీటు మీద టెయిల్ బ్యాగు కట్టడానికి కొక్కేలున్న బంజీ తాళ్లు ఎక్కువమంది వాడేవి, నేను పూర్తిగా మానేసినవి. సాగదీసి పట్టుకున్న కొక్కెం జారితే నేరుగా ముఖం మీదికే వస్తుంది, కళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. గతుకుల్లో బరువు ఎగిరినప్పుడు తాడు సాగుతుంది, ఆ సందులో బ్యాగు పక్కకి జరుగుతుంది. రాక్ స్ట్రాప్స్ లాంటి, కొక్కేలు లేకుండా చివర లూపు ఉండి, కొంత భాగం మాత్రమే సాగే పట్టీలు రెండు చాలు. పళ్ల బకిల్ ఉన్న, అసలు సాగని పట్టీలైతే ఇంకా గట్టి. పట్టీ మిగిలిన తోకని చుట్టి, కిందికి దోపి కట్టేయండి. వేలాడుతున్న తోక చైన్‌లో పడితే వెనక చక్రం అక్కడికక్కడే పట్టేయగలదు.

ఎవరికి ఏది

ఎక్కువగా ఊళ్లోనే తిరిగి అప్పుడప్పుడు వారాంతం బయటికి వెళ్లేవాళ్లకి 30 నుంచి 40 లీటర్ల టాప్ బాక్స్, కొంచెం ఎక్కువ సామాను ఉన్నప్పుడు ఒక ట్యాంక్ బ్యాగు. ఒంటరిగా వారం, పది రోజులు, దారి ఎలా ఉంటుందో తెలియని ప్రయాణానికి తేలిక ర్యాకు మీద మెత్తటి సంచులు, ఖాళీగా ఉన్న వెనక సీటు మీద ఒక చుట్టు సంచి. ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. ఇద్దరు, మంచి రోడ్డు, హోటల్ బస అయితే ప్లాస్టిక్ సైడ్ బాక్సులు, టాప్ బాక్స్ వద్దు. వద్దంటే వినరని తెలుసు, వెనక కూర్చునేవారికి ఆనుకోవడానికి కావాలంటారు. అలాగైతే ఆనుకునే మెత్త విడిగా దొరుకుతుంది, దాన్ని పెట్టించండి. అల్యూమినియం పెట్టెలు నెలల తరబడి బండి మీదే బతికేవాళ్లకి, బండిని బయట వదిలి రోజంతా తిరగాల్సినవాళ్లకి. ఫొటోల్లో బావుంటాయని కొనేవాళ్లే ఎక్కువ, అందులో నేనూ ఒకప్పుడు ఉన్నాను.

కొనేముందు బండి సబ్‌ఫ్రేమ్‌ని సీటు తీసి చూడండి. ఉక్కు గొట్టాలతో ఉంటే పగిలినా ఏ వెల్డింగ్ షాపులోనైనా అతికించొచ్చు. అల్యూమినియంది అయితే అంత సులువుగా పని జరగదు, కాబట్టి బరువులో ఇంకా పొదుపు పాటించాలి. ర్యాకు వీలైనన్ని చోట్ల ఫ్రేమ్‌కి నేరుగా పట్టాలి. సైలెన్సర్ వేలాడే బ్రాకెట్టుకో, ప్లాస్టిక్ మడ్‌గార్డుకో పట్టే డిజైన్ అయితే వెనక్కి ఇచ్చేయండి. ఇంకో పరీక్ష కూడా చేయండి: ర్యాకు బిగించి ఉండగానే వెనక చక్రం ఇరుసు బయటికి లాగగలమా, సీటు తీయగలమా, షాక్ అబ్సార్బర్ గట్టిదనం మార్చే చోటికి చెయ్యి పోతుందా? చీకట్లో పంచరైనప్పుడు ముందు ర్యాకు విప్పి, తర్వాత చక్రం విప్పాల్సి వస్తే అప్పుడు తెలుస్తుంది దీని విలువ.

బిగించేటప్పుడు

కిట్టు విప్పగానే బోల్టులన్నీ ఒక పళ్లెంలో పోసి, కాగితంలో ఉన్న జాబితాతో పోల్చుకోండి. ఒకే లావున్న బోల్టులు రెండు మూడు పొడవుల్లో ఉంటాయి, ఏది ఎక్కడిదో తారుమారైతే పొడుగుది లోపలికి పోయి వైరింగ్‌నో టైర్‌నో తాకుతుంది, పొట్టిది రెండు మరలు మాత్రమే పట్టి ఊడిపోతుంది.

ప్రతి బోల్టునీ ముందు వేళ్లతోనే తిప్పి పట్టించాలి. ఏదీ బిగించకూడదు. అన్నీ పట్టాక, చట్రం నిటారుగా ఉందో లేదో వెనక్కి నాలుగడుగులు వేసి చూసి, అప్పుడు విడతలు విడతలుగా బిగించాలి. మొదటి బోల్టునే బిగించేస్తే చివరిది రంధ్రానికి సూటిగా రాదు. అప్పుడు స్క్రూడ్రైవర్ దూర్చి లివర్‌లా తోసి పట్టించాలనిపిస్తుంది. అలా బలవంతంగా పట్టించిన చట్రం రోజంతా లాగుతూనే ఉంటుంది, పగుళ్లు మొదలయ్యేది అక్కడే.

ఎంత బిగించాలో కిట్టు కాగితంలో ఉంటే అదే పాటించండి. లేకపోతే ఉక్కులోకి ఉక్కు బోల్టు అయినప్పుడు 6 మిల్లీమీటర్ల దానికి 10 న్యూటన్ మీటర్లు (బిగింపు బలాన్ని కొలిచే లెక్క ఇది), 8 మిల్లీమీటర్ల దానికి 25 దాకా చెల్లుతుంది. అల్యూమినియం మరల్లో ఇంకా తగ్గించాలి. మరల మీద నీలం రంగు లాకింగ్ జిగురు ఒక చుక్క చాలు. ప్లాస్టిక్ మీద పడనివ్వకండి, కొన్ని ప్లాస్టిక్‌లు దానికి పగులుతాయి. ఎరుపు రంగుది అసలే వద్దు, వేడి చేస్తే తప్ప మళ్లీ ఊడదు.

అయ్యాక ర్యాకుని రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపండి. బండి మొత్తం ఊగాలి, ర్యాకు విడిగా ఊగకూడదు. ఇండికేటర్లు, వెనక లైటు, నంబర్ ప్లేట్ వెనక పది అడుగుల నుంచి కనిపిస్తున్నాయా చూడండి. బాక్సుల వెడల్పు హ్యాండిల్ కంటే ఎక్కువైతే టేపుతో కొలిచి ఆ అంకెని మనసులో పెట్టుకోండి. ముందు భాగం దూరిన సందులో వెనక భాగం దూరదన్న సంగతి గేటు స్తంభం నేర్పితే పాఠం ఖరీదు.

సామాను ఎక్కించాక వెనక టైర్లో గాలి పుస్తకంలో 'లోడుతో' అన్న గడిలో ఉన్నంత పెట్టండి. వెనక షాక్‌ని కొంత గట్టి చేయండి. అది మరిచిపోతే బండి వెనక కూలబడి, రాత్రి హెడ్‌లైటు చెట్ల కొమ్మల్లోకి పోతుంది, ఎదురొచ్చేవాళ్ల కళ్లలోకి కూడా.

చివరగా, బిగించిన ప్రతి బోల్టు తల మీద నుంచి పక్క లోహం మీదికి నెయిల్ పాలిష్‌తో సన్నగా ఒక గీత గీస్తాను. మొదటి 100 కిలోమీటర్లకి ఒకసారి, తర్వాత ప్రతి ఉదయం బండి తీసేముందు వంగి చూస్తాను. గీత సూటిగా ఉంటే స్పానర్ అవసరం లేదు. ఎక్కడైనా గీత రెండు ముక్కలై పక్కకి జరిగితే ఆ బోల్టు విప్పి, తుడిచి, మళ్లీ జిగురు వేసి బిగిస్తాను. అదే బోల్టు రెండోసారి కూడా తిరిగిందంటే తప్పు దానిది కాదు, చట్రం ఎక్కడో లాగుతోంది, విప్పి మొదటి నుంచి పట్టించాలి. ర్యాకు వాడే ప్రతి సైజులో ఒక బోల్టు, ఒక నట్టు, రెండు వాషర్లు ట్యాంక్ బ్యాగులో చిన్న డబ్బాలో ఉంటాయి.